రావడం మానేసిన రోగిని లెక్కించడమెలా?

ఒక ఔషధం ఆయుర్దాయాన్ని పెంచిందా లేదా అని తేల్చడానికి, వాడినవారు ఎంతకాలం బతికారో లెక్కిస్తే చాలుననిపిస్తుంది. చిక్కంతా లెక్కకు అందనివారితోనే. కొందరు ఊరు మారతారు, కొందరు వైద్యుణ్ణి మారుస్తారు, అధ్యయనం ముగిసేనాటికి కొందరు సజీవులై ఉంటారు. వీరి ఆయుష్షు ఎంతో మనకు తెలియదు. ఫలానా తేదీ వరకు బతికున్నారని మాత్రం తెలుసు. ఆ సగం సమాచారాన్ని పారవేయకుండా వాడుకునే గణాంక విద్యే మనుగడ విశ్లేషణ.

మరణాలను లెక్కించడం పాత పనే. 1662లో జాన్ గ్రాంట్ లండన్ మరణాల పట్టీలను పరిశీలించి గ్రంథం వెలువరించాడు. తోకచుక్కతో పేరు ముడిపడిన ఎడ్మండ్ హేలీ 1693లో బ్రెస్లావ్ నగరపు జనన మరణాల ఆధారంగా ఆయుర్దాయ పట్టిక కట్టి, జీవితకాల భత్యానికి వయసును బట్టి వెల ఎలా నిర్ణయించాలో చూపాడు. అంటే ఈ విద్యకు వైద్యం కంటే ముందే డబ్బుతో సంబంధం ఉంది!

ఆధునిక ఘట్టం 1950వ దశకంలో అమెరికాలో జరిగింది. పాల్ మేయర్ జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో క్యాన్సర్ రోగుల మనుగడను అధ్యయనం చేస్తున్నాడు. బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో ఎడ్వర్డ్ కాప్లాన్ సముద్రగర్భ టెలిఫోన్ తీగలలోని వాక్యూమ్ ట్యూబుల ఆయుష్షును లెక్కగడుతున్నాడు. ఇద్దరూ విడివిడిగా ఒకే పత్రికకు వ్యాసాలు పంపగా, రెండింటినీ కలిపి ఒకటిగా రాయమని సంపాదకుడు సూచించాడు. అభిప్రాయభేదాలు సర్దుకోవడానికి నాలుగేళ్లు పట్టింది. 1958లో వెలువడిన ఆ వ్యాసం వైద్య పరిశోధనలలో అత్యధికంగా ఉదహరింపబడినవాటిలో ఒకటి.

వారి పద్ధతిని ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. పదిమంది రోగులున్నారు. మూడవ నెలలో ఒకరు మరణించారు. మనుగడ 90 శాతం. ఐదవ నెలలో నలుగురు రావడం మానేశారు. మిగిలినవారు ఐదుగురు. ఎనిమిదవ నెలలో వారిలో ఒకరు మరణించారు. ఆ ఘట్టాన్ని దాటినవారు 80 శాతం. 90 శాతాన్ని 80 శాతంతో గుణిస్తే 72 శాతం. మానేసిన నలుగురూ చనిపోయారనుకుంటే 40 శాతం, అందరూ బతికున్నారనుకుంటే 80 శాతం, అసలు లెక్కలోకే తీసుకోకపోతే 67 శాతం వచ్చేవి. కాప్లాన్-మేయర్ పద్ధతిలో ఆ నలుగురూ తాము కనిపించినంతకాలం లెక్కలో ఉన్నారు.

1972లో బ్రిటన్ గణాంకవేత్త డేవిడ్ కాక్స్ మరో అడుగు వేశాడు. వయసు, చికిత్స వంటి అంశాలు ప్రమాదాన్ని ఎన్ని రెట్లు మారుస్తాయో కొలిచే మార్గం చూపాడు. ఆయన ఉదాహరణగా తీసుకున్నది ల్యుకేమియా రోగులపై జరిగిన ఒక ఔషధ పరీక్ష. మందు పుచ్చుకున్న 21 మందిలో 12 మందికి, గమనించినంతకాలం వ్యాధి తిరగబెట్టలేదు. అంటే అక్కడ సగానికి పైగా సమాచారం అసంపూర్ణమే.

ఆర్థికవేత్తలు ఇదే గణితాన్ని నిరుద్యోగానికి అన్వయించారు. 1979లో టోనీ లాంకాస్టర్ బ్రిటన్ నిరుద్యోగుల వివరాలను ఈ విధంగా విశ్లేషించాడు. సర్వే నాటికి ఇంకా ఉద్యోగం దొరకనివాడు, అధ్యయనం చివర బతికున్న రోగి వంటివాడే. గణితానికి ఇద్దరూ ఒకటే.

అయితే ఈ పద్ధతులకు ఒక షరతు ఉంది. తప్పిపోయినవారి భవిష్యత్తు, మిగిలినవారి భవిష్యత్తు వంటిదే అయి ఉండాలి. నా దృష్టిలో వైద్యులు తరచుగా మరచిపోయేది దీనినే. నడవలేని స్థితికి చేరి ఆస్పత్రికి రాలేకపోయిన రోగి, కులాసాగా ఉండి రావడం అనవసరమనుకున్న రోగి, ఇద్దరూ ఆ మెట్లగీత మీద ఒకేరకమైన చిన్న గీటుగా కనిపిస్తారు. అందుకే పద్ధతిగా జరిగే అధ్యయనాలలో రాని రోగి కోసం ఫోను చేస్తారు, ఉత్తరం రాస్తారు, అవసరమైతే మరణాల నమోదు పుస్తకాలు తిరగేస్తారు.