వాల్వు రేడియో: వికారాబాద్, తాండూరు ప్రాంత శ్రవణ చరిత్రకు ఒక ఆధారం

హైదరాబాద్ సంస్థాన ప్రభుత్వం 1935 నుండి నడిపిన దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో భాగమైంది. ప్రసారకుల చరిత్ర కార్యాలయ పత్రాలలో దొరుకుతుంది. శ్రోతల చరిత్రకు ఆ అవకాశం తక్కువ. రాజధానికి పడమట రైలుమార్గంపై ఉన్న వికారాబాద్, తాండూరు వంటి పట్టణాల విషయంలో పాత వాల్వు రేడియోలే ఆ లోటును కొంత పూరించగలవు.

సెట్టు బ్యాటరీతో నడిచేదైతే, కొన్ననాటికి ఆ ఇంటికి కరెంటు లేకపోయి ఉండవచ్చని ఊహించవచ్చు. డయల్ అద్దంపై ముద్రించిన కేంద్రాల పేర్లు శ్రోతకు అందుబాటులో ఉన్నాయని తయారీదారు భావించిన ప్రపంచాన్ని చూపుతాయి. తపాలా కార్యాలయం ఏటా స్టాంపులు అంటించిన లైసెన్సు పుస్తకం యజమానినీ, వినియోగ కాలాన్నీ నిర్ధారిస్తుంది.

అయితే సేకర్తలు తరచుగా టేకు పెట్టెకు మెరుగుపెట్టి, లోపలి వాల్వులను తీసి బ్లూటూత్ పరికరం అమర్చుతున్నారు. పెట్టె మిగులుతుంది, సాక్ష్యం నశిస్తుంది. కాబట్టి మరమ్మతుకు ముందే ఛాసిస్‌ను, అతుకులను, లైసెన్సును ఫొటోలతో నమోదు చేయడం, సెట్టు ఏ ఇంటి నుండి వచ్చిందో రాసి ఉంచడం స్థానిక చరిత్ర పరిశోధనకు అత్యవసరం.