మదనపల్లె నుంచి కుప్పం దాకా: ఫోన్ తీగపై ఇంటర్నెట్

1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ సామాన్యులకు ఇంటర్నెట్ అందుబాటులోకి తెచ్చింది. మొదట ఆ సౌకర్యం దక్కింది బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరాలకే. మదనపల్లెలోనో కుప్పంలోనో ఎవరైనా కంప్యూటర్‌కు మోడెం తగిలించుకున్నా మద్రాసుకు ఎస్టీడీ కాల్ చేయాల్సిందే. నెట్ వాడినంతసేపూ మీటరు తిరుగుతూనే ఉండేది.

తీగ మాత్రం కొత్తది కాదు. రెండు రాగి తీగలను పెనవేస్తే పక్క లైన్ల రొద తగ్గుతుందని కనిపెట్టి, గ్రాహంబెల్ 1881లోనే పేటెంట్ తీసుకున్నాడు. ఆ జత మోయాల్సింది మనిషి గొంతునే, అంటే దాదాపు 300 నుంచి 3,400 హెర్ట్జ్‌ల మధ్య ఉండే ధ్వనిని. మోడెం కంప్యూటర్ సమాచారాన్ని ఆ ఇరుకు దారిలో పట్టే కూతలుగా మార్చేది. ఎంత మంచి లైన్ అయినా సెకనుకు 56 కిలోబిట్లు మించేది కాదు. పైగా నెట్ నడుస్తున్నంతసేపూ ఇంటి ఫోన్ ఎంగేజే.

రాగికి అంతకన్నా ఎక్కువ శక్తి ఉంది. గొంతు వాడుకోని పై ఫ్రీక్వెన్సీల్లో సమాచారం పంపవచ్చని, ఇళ్లకు వచ్చే దారిని వెడల్పుగా, వెళ్లే దారిని సన్నగా ఉంచితే మేలని అమెరికాలో బెల్‌కోర్ ఇంజినీరు జోసెఫ్ లెక్‌లైడర్ సూచించాడు. అదే ఏడీఎస్‌ఎల్. 2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ ‘డేటావన్’ పేరుతో దాన్ని తెచ్చింది. వేగం 256 కిలోబిట్ల నుంచి మొదలు. గోడ దగ్గర స్ప్లిటర్ అనే చిన్న డబ్బా గొంతునూ డేటానూ వేరు చేసేది. నెట్ ఆపకుండానే ఫోన్ మాట్లాడుకునే రోజులొచ్చాయి.

అయితే ఈ వరం ఎక్స్చేంజీ చుట్టుపక్కల వాళ్లకే. తీగ పొడవు పెరిగేకొద్దీ పై ఫ్రీక్వెన్సీలు నీరసిస్తాయి. అయిదు కిలోమీటర్లు దాటితే లైన్ దాదాపు పనికిరాదు. వానాకాలంలో జాయింట్లలోకి నీరు చేరితే దగ్గరి ఇళ్లలోనూ గరగరలు తప్పవు, లైన్‌మన్ వచ్చి తడి జాయింటు విప్పి మళ్లీ కట్టేదాకా. పుంగనూరు బజారుకు దొరికిన వేగం పొలాల నడుమ పల్లెకు దొరకదు. మదనపల్లెకు దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో, 1,265 మీటర్ల ఎత్తున ఉన్న హార్స్‌లీ హిల్స్ వరకు మదనపల్లె ఎక్స్చేంజీ నుంచి ఏడీఎస్‌ఎల్ అందే ప్రశ్నే లేదు.

ఈ దూరాన్ని జయించడానికి మద్రాసు ఐఐటీలో అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం ‘కార్‌డెక్ట్’ తయారు చేసింది. రాగికి బదులు రేడియో తరంగాలు మధ్యలో అడ్డు లేని చోట పది కిలోమీటర్ల దాకా ఫోన్‌నూ నెట్‌నూ కలిపి మోసేవి. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కుప్పంలో ‘ఐ-కమ్యూనిటీ’ ప్రారంభించి ఇంకో దారి పట్టాయి. ఇంటింటికీ లైన్ కోసం ఎదురుచూడకుండా ఊరి సమాచార కేంద్రంలోనే జనానికి కంప్యూటర్ అందించాయి. సౌరశక్తితో నడిచే డిజిటల్ ఫోటో స్టూడియోతో పల్లె మహిళలు ఉపాధి పొందారు.

చివరికి రాగి వదిలిన ఖాళీని నింపింది గాజు తీగ, అంటే ఆప్టికల్ ఫైబర్. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్ కోసం కొత్త స్తంభాలు నాటలేదు, ఉన్న కరెంటు స్తంభాలనే వాడుకుంది. నెలకు 149 రూపాయల నుంచి నెట్, ఫోన్, టీవీ మూడూ ఇచ్చింది. కరెంటు చేరిన ఊరికల్లా ఇంటర్నెట్ చేరే దారి అలా ఏర్పడింది.