కవరు మీది చిరునామా

"రాత్రి మూడింటిదాకా మేలుకునే ఉన్నావేంటమ్మా? ఒంట్లో బాలేదా?" అని ఓనర్ ఆంటీ అడిగింది నా ఫ్రెండుని. హైదరాబాదులో, ఒకళ్ల ఇంటి పై అంతస్తులో తనకో గది. ఆ రాత్రి తలుపు వేసే ఉంది, లైటు ఆర్పే ఉంది, చెవుల్లో హెడ్‌ఫోన్లున్నాయి. మరి ఆంటీకి ఎలా తెలిసింది? అద్దెలో కలిపి ఇచ్చే వైఫైకి రౌటరు కింద వాళ్ల హాల్లో, టీవీ పక్కన ఉంటుంది. దాని యాప్ ఆంటీ ఫోన్లో ఉంది. ఏ ఫోను ఎప్పుడు ఎంత డేటా వాడిందో అందులో వరసగా కనిపిస్తుంది. నా ఫ్రెండు తన ఫోనుకి పెట్టుకున్న పేరు తన పేరే.

ఆంటీ మంచావిడ. ఆ సాయంత్రం మిరియాల పాలు కూడా పంపించింది. అందుకే నా ఫ్రెండుకి కోప్పడటానికీ లేదు, ఊరుకోవడానికీ లేదు. "నేనేం చూశానో ఆవిడకి తెలీదులే. కానీ చూస్తున్నానని తెలుస్తోంది కదా" అంది. ఆ రెండు వాక్యాల మధ్య ఉన్న తేడా ఈనాటిది కాదు. అద్దె ఇళ్లలో అది రౌటర్ల కంటే చాలా ముందునుంచీ ఉంది.

పోస్టుకార్డుతో మొదలుపెడదాం. మన దేశంలో అది 1879 జులై 1న వచ్చింది. ధర కాలణా. అంత చవగ్గా దేశంలో ఏ మూలకైనా నాలుగు ముక్కలు రాసి పంపడం అంతకుముందు లేదు. ఆ చవకకి ఇంకో ధర కూడా ఉంది: రాసింది అందరికీ కనిపిస్తుంది. నాలుగు వాటాలున్న ఇంట్లో పోస్టుమాన్ ఉత్తరాలన్నీ ఓనరు వరండాలోనే పడేసి పోయేవాడు. కార్డు మనదాకా వచ్చేసరికి దాన్ని ఎవరెవరు చదివారో చెప్పలేం. ఈ సంగతి అందరికీ తెలుసు కాబట్టే కార్డు మీద అందరూ చదవగలిగిందే రాసేవాళ్లు. మూలలకి పసుపు రాస్తే శుభవార్త, నలుపు పూస్తే చావుకబురు. తెరవక్కర్లేదు, రంగు చూస్తే చాలు. 1950లో ఇన్‌లాండ్ లెటరు వచ్చింది. మడిచి అంటిస్తే లోపలి మాట లోపలే. కార్డు కంటే ధర ఎక్కువ. గుట్టుగా ఉండాలంటే కొంచెం ఎక్కువ ఖర్చు పెట్టాలన్నమాట అప్పటిదే.

అంటించిన కవరు కూడా ఎంతో కొంత చెబుతుంది. ఎవరికి, ఎక్కణ్నుంచి, ఎప్పుడు, ఎన్నాళ్లకోసారి. "మేడ మీది పిల్లకి గుంటూరు నుంచి వారం వారం ఉత్తరం వస్తోంది" అనడానికి ఏ ఓనరమ్మా కవరు చింపక్కర్లేదు. పోస్టు ముద్ర చూస్తే చాలు.

తర్వాత టెలిఫోను. అమెరికాలో గత శతాబ్దం మధ్యదాకా చాలా ఇళ్లకి దొరికింది పార్టీ లైనే. అంటే రెండు మూడు ఇళ్లకి, పల్లెల్లో అంతకంటే ఎక్కువ ఇళ్లకి, ఒకటే తీగ. ఒక్కో ఇంటికి ఒక్కో రకం గంట. పక్కింటి గంట మోగినప్పుడు రిసీవరు మెల్లిగా ఎత్తి వినడానికి అక్కడి పల్లెల్లో 'రబ్బరింగ్' అని పేరే ఉండేది. 1959 నాటి 'పిల్లో టాక్' సినిమా మొత్తం ఒకే లైను పంచుకున్న ఇద్దరు అపరిచితుల గొడవ మీదే నడుస్తుంది.

మనకి ఆ బాధ ఇంకో రూపంలో వచ్చింది. ఇక్కడ ఫోను కోసం దరఖాస్తు పెట్టి ఏళ్లకేళ్లు ఎదురుచూడాలి. అద్దెకున్నవాళ్లకి ఓనరు ఫోనే దిక్కు. శుభలేఖల మీదా విజిటింగ్ కార్డుల మీదా నంబరు పక్కన 'పి.పి.' అని ఉండేది. అంటే ఈ నంబరు మాది కాదు, చేస్తే వాళ్లు మమ్మల్ని పిలుస్తారు అని. కింద నుంచి కేక వినపడగానే పరిగెత్తుకెళ్లి, వాళ్ల హాల్లో నిలబడి, వాళ్ల టీవీ సౌండు తగ్గించి మరీ వింటుంటే, "ఆఁ... ఊఁ... సరే" అని మూడు ముక్కల్లో మాట్లాడటం ఒక తరం వాళ్లు బాగా సాధన చేశారు. బెడ్‌రూమ్‌లో ఎక్స్‌టెన్షన్ ఉంటే అదింకో తలనొప్పి. అవతల రిసీవరు ఎత్తిన చిన్న 'టక్' వినపడితే మాట మార్చేయాలి.

ఓనర్ల భయం ఓనర్లది. బిల్లు వాళ్ల పేరు మీద వస్తుంది. అందుకే డయల్ చిల్లులో బుల్లి తాళం కప్ప వేసేవాళ్లు. ఆ తాళానికి విరుగుడు కూడా అప్పుడే పుట్టింది. తిరిగే డయల్ చేసే పనల్లా అంకె ఎంతో అన్నిసార్లు సర్క్యూట్‌ని తెంపడం. కాబట్టి రిసీవరు పెట్టే హుక్కుని నాలుగుసార్లు టకటకా తడితే 4, పదిసార్లు తడితే 0. డయల్ కదలకుండానే ఫోను కలిసేది. సెక్యూరిటీ అనే మాట తెలియకపోయినా, తాళం వేసిన చోటూ పని జరిగే చోటూ ఒకటి కావని అద్దె ఇళ్ల కుర్రాళ్లు అప్పుడే కనిపెట్టారు.

ఆ తరాన్ని ఆదుకుంది ఎస్‌టీడీ బూత్. 1980ల చివర్లో మొదలై పసుపు బోర్డులు ఊరూరా వెలిశాయి. గాజు తలుపు వేసుకుంటే, ఎర్ర అంకెలు తిరుగుతున్నంతసేపూ ఆ మూడడుగుల చోటు మనదే. రాత్రి రేటు తగ్గాక బూత్‌ల ముందు క్యూలు ఉండేవి. ప్రేమలు, అప్పులు, ఇంటి మీద బెంగలు అన్నీ ఆ గాజు వెనకే. బయటికొచ్చాక బూత్ అతను చేతిలో పెట్టే చీటీ మీద మాత్రం నంబరు, సమయం, ఎంతసేపు అన్నీ అచ్చయ్యి ఉండేవి.

ఆ గాజు గది మీద అమెరికా సుప్రీంకోర్టులో ఒక పెద్ద కేసే నడిచింది. లాస్ ఏంజెలస్‌లో చార్లెస్ కాట్జ్ అనే ఆయన బూత్ నుంచి పందేలు కాసేవాడు. ఎఫ్‌బీఐ వాళ్లు బూత్ బయట మైకు పెట్టి విన్నారు. గాజు గదిలో మనిషి అందరికీ కనిపిస్తూనే ఉంటాడు, అయినా తలుపు వేసుకున్నది కళ్లకి అడ్డంగా కాదు, చెవులకి అడ్డంగా అని 1967లో కోర్టు తేల్చింది. మాటకి రక్షణ దొరికింది. పన్నెండేళ్ల తర్వాత, 1979లో, స్మిత్ కేసులో అదే కోర్టు ఏ నంబరుకి చేశావన్నది మాత్రం నీ గుట్టు కాదు పొమ్మంది. ఆ నంబరు నువ్వే ఫోను కంపెనీకి ఇచ్చావు కదా అని దాని వాదన. లోపలి ఉత్తరానికి రక్షణ ఉంది, కవరు మీది చిరునామాకి లేదు.

మన దగ్గర ఈ చిరునామా సంగతి అంతకంటే ముందే పట్టుకున్నవాడు ఒక తెలుగాయన. రాజమండ్రిలో పుట్టి, గుంటూరులో పెట్టిన ఆంధ్ర హైకోర్టుకి ప్రధాన న్యాయమూర్తిగా చేసిన కోకా సుబ్బారావు. 1962లో ఆయన సుప్రీంకోర్టు జడ్జి. ముందున్నది ఖరక్ సింగ్ కేసు. ఆ ఉత్తరప్రదేశ్ మనిషి మీద పెట్టిన దోపిడీ కేసు సాక్ష్యం లేక వీగిపోయింది. అయినా పోలీసులు అతని మీద హిస్టరీ షీట్ తెరిచి, ఇంటి మీద నిఘా పెట్టి, ఎప్పుడు వస్తున్నాడో ఎక్కడికి పోతున్నాడో రాసుకునేవాళ్లు. అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టేవాళ్లు. ఆరుగురు జడ్జిల్లో నలుగురు రాత్రి తలుపు తట్టడం తప్పన్నారు. రాకపోకలు గమనించడంలో మాత్రం వాళ్లకి తప్పు కనిపించలేదు. ప్రైవసీ అనేది మన రాజ్యాంగంలో హక్కు కాదన్నారు. సుబ్బారావు ఒప్పుకోలేదు. జస్టిస్ షా ఆయనతో కలిశారు. ఎవరో కనిపెట్టి చూస్తున్నారని తెలిసిన మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదు, మనసు మీద పడే ఆ బరువు కూడా సంకెలే అన్నది సుబ్బారావు వాదన. ఇంట్లోకి రాకుండా, ఒక్క మాట కూడా వినకుండా, ఉత్తినే గమనించడం కూడా నిఘాయే అని.

డిసెంబరు 18న వచ్చిన తీర్పది. చిత్రంగా కాట్జ్ తీర్పు కూడా డిసెంబరు 18నే, 1967లో. ఫోన్ ట్యాపింగ్ మీద మన సుప్రీంకోర్టు, ఫోన్లో మాట్లాడుకోవడం ప్రైవసీలో భాగమే అని చెప్పిన తీర్పు కూడా డిసెంబరు 18నే, 1996లో. సుబ్బారావు మాట నెగ్గడానికి 2017 ఆగస్టు 24 దాకా పట్టింది. ఆ రోజు పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జిలూ ప్రైవసీ ప్రాథమిక హక్కే అన్నారు. అప్పటికి సుబ్బారావు పోయి 41 ఏళ్లు.

ఈలోపు తీగ పోయి గాలి వచ్చింది. వైఫై ప్రమాణం 1997 నాటిది. దానితో ఇచ్చిన తాళం పేరు వెప్. 2001లో ముగ్గురు క్రిప్టోగ్రాఫర్లు దాని లెక్కలోనే లోపం ఉందని చూపించారు. 2007కల్లా దాన్ని నిమిషంలోపే విప్పేయగలిగారు. 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2 గట్టిదే. కానీ ఇళ్లలో వాడే పద్ధతిలో ఇంటిల్లిపాదికీ ఒకటే పాస్‌వర్డు. హాస్టల్ గోడ మీద కాగితంలో అంటించి ఉండే ఆ పాస్‌వర్డు తెలిసిన పక్క గదివాడు, మన ఫోను కనెక్టయ్యే క్షణాన్ని గాలిలో పట్టుకోగలిగితే, తర్వాత మనం పంపేదాన్ని ఆ తాళం దాకా విప్పుకోగలడు. పార్టీ లైను మళ్లీ వచ్చిందన్నమాట, ఈసారి గంట కూడా మోగకుండా. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఈ చిల్లు పూడ్చింది. ఓనర్లు రౌటర్లు అంత తొందరగా మార్చరు.

అప్పట్లో చాలా సైట్లలో లాగిన్ పేజీకి మాత్రమే తాళం ఉండేది. లోపలికి వెళ్లాక మనల్ని గుర్తుపట్టే టోకెను పోస్టుకార్డులా బహిరంగంగా తిరిగేది. 2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామర్ ఫైర్‌షీప్ అనే చిన్న సాధనం విడుదల చేశాడు. ఓపెన్ వైఫైలో కూర్చుని, పక్కవాళ్ల ఫేస్‌బుక్ ఖాతా బొమ్మ మీద ఒక్క క్లిక్ కొడితే లోపలికి వెళ్లిపోవచ్చు. కంపెనీలకి సిగ్గు రావాలనే చేశాడు, కొంత వచ్చింది. ఆ ఏడాది జనవరిలోనే జీమెయిల్ మొత్తం హెచ్‌టీటీపీఎస్‌కి మారింది. 2013కి ఫేస్‌బుక్ మారింది. 2015 డిసెంబరు నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ చిన్న సైట్లకి కూడా ఆ తాళం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2016లో వాట్సాప్ మెసేజ్‌లన్నీ కవర్లలోకి వెళ్లాయి.

అద్దెకుండే వాళ్ల వైపు నుంచి చూస్తే జరిగింది చిన్న మార్పు కాదు. ఓనర్లు మంచివాళ్లు కాలేదు, గోడలు మందమెక్కలేదు. తాళం తీగ మీద నుంచి ఉత్తరం మీదకి జరిగింది, అంతే. తీగ ఎవరిదైనా మాట మనదయింది. ఓనరు రౌటరులో నుంచే వెళ్తున్నా, నా ఫ్రెండు ఆ రాత్రి ఏం చూసిందో ఆంటీకి కనిపించదు.

కనిపించేది మళ్లీ చిరునామానే. ఏ ఫోను, ఎప్పుడు, ఎంతసేపు. రౌటరు రాసిపెట్టుకుంటే ఏ సైట్ల పేర్లు అన్నది కూడా. ఒక డాక్టరు సైటు, ఒక డేటింగ్ యాప్, ఇంకో చోట ఉద్యోగాలు వెతికే సైటు. లోపలి ఉత్తరం చదవకుండానే కథ అల్లుకోవచ్చు. ప్రాథమిక హక్కు ముఖ్యంగా ప్రభుత్వానికి ఎదురు నిలబడేది. మిరియాల పాలు పంపే ఆంటీకి ఎదురుగా దాన్ని ఎలా నిలబెడతాం?

కాబట్టి చిన్న చిన్న పనులే మిగిలాయి. ఫోనుకున్న మన పేరు తీసేయడం. ఆండ్రాయిడ్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ పెట్టుకుని సైట్ల పేర్లు కొంత దాచుకోవడం. లాప్‌టాప్‌లో ఆ వైఫైని పబ్లిక్ నెట్‌వర్క్‌గా గుర్తించి షేరింగ్ ఆపేయడం. రౌటరుకి కంపెనీ పెట్టిన పాస్‌వర్డే ఉందేమో ఓనర్‌ని మర్యాదగా అడగడం. బయటివాళ్లకీ తెలిసిన ఆ పాస్‌వర్డు వాళ్ల ఇంటికీ ప్రమాదమే కదా. మరీ సొంత విషయం అయితే మొబైల్ డేటా, అంటే వీధి చివర ఎస్‌టీడీ బూత్.

నా ఫ్రెండు మొదటి పని చేసింది. తన ఫోను పేరు మార్చి ఆంటీ ఫోనుకున్న మోడల్ పేరే పెట్టింది. ఇప్పుడు యాప్‌లో అలాంటివి రెండు కనిపిస్తాయి. రాత్రి మూడింటిదాకా మేలుకున్నది తనో, ఆంటీ కొడుకో, ఆంటీకి తెలీదు. మొన్న మిరియాల పాలు ఇద్దరికీ పంపించిందట.