ఇన్‌గ్లోరియస్ బాస్టర్డ్స్ (చలనచిత్రం)

క్వెంటిన్ టరాంటినో రాసి, దర్శకత్వం వహించిన యుద్ధ చిత్రం. 2009లో విడుదలైంది. నాజీల ఏలుబడిలోని ఫ్రాన్స్‌లో 1941, 1944 సంవత్సరాల్లో కథ ఐదు అధ్యాయాలుగా నడుస్తుంది. నాజీలు కుటుంబాన్ని చంపేయగా తప్పించుకున్న యూదు యువతి షోషన్నా మారుపేరుతో పారిస్‌లో సినిమాహాలు నడుపుతుంటుంది. అమెరికా సైనికాధికారి ఆల్డో రైన్ (బ్రాడ్ పిట్) దళం జర్మన్ సైనికులను వేటాడుతుంటుంది. ఒకరి పన్నాగం ఒకరికి తెలియకుండానే ఇరువురి పగా అదే హాల్లో ఒకే రాత్రి తీరుతుంది.

తొలి అధ్యాయమే సినిమాకు ప్రాణం. ఎస్‌ఎస్ అధికారి లాండా పాడిరైతు ఇంట్లో కూర్చుని పాలు అడిగి తాగుతాడు. గొంతు పెంచకుండా, ఎంతో మర్యాదగా మాట్లాడుతూనే నేలపలకల కింద దాక్కున్న షోషన్నా కుటుంబం ఆచూకీ రాబడతాడు. ఈ పాత్రకు క్రిస్టోఫ్ వాల్ట్జ్ కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి పురస్కారం, ఆ తర్వాత సహాయనటుడిగా ఆస్కార్ అందుకున్నారు.

చరిత్రలో హిట్లర్ 1945 ఏప్రిల్ 30న బెర్లిన్ బంకర్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. సినిమాలో మాత్రం 1944లోనే ఆ హాల్లో తూటాలకు బలవుతాడు. తెర వెనుక పోగేసిన, ఇట్టే అంటుకునే నైట్రేట్ ఫిల్ములు హాలును దహించేస్తాయి. అంతకుముందే, తెరమీది చావులు చూసి హిట్లర్ కేరింతలు కొట్టడం చూపిస్తారు; పగ తీరిందని సంబరపడే ప్రేక్షకుణ్ణి ఆ దృశ్యం ఇబ్బంది పెట్టక మానదు. చిత్రీకరణ చాలావరకు జర్మనీలోని బాబెల్స్‌బర్గ్ స్టూడియోలో జరిగింది. ఒకప్పుడు హిట్లర్ ప్రచారమంత్రి గోబెల్స్ అజమాయిషీలో నాజీ చిత్రాలు తయారైందీ అక్కడే.