రానీ... రానీ... హోల్డాన్!

మా విజయవాడ ఆటోనగర్‌లో ఎలక్ట్రికల్ షాపుల బోర్డుల మీద ఒకప్పుడు మూడే మాటలు ఉండేవి: సెల్ఫ్, డైనమో, వైరింగ్. తర్వాత స్టీరియో చేరింది, ఏసీ చేరింది, సెంట్రల్ లాక్ చేరింది. అన్నిటికన్నా కింద, చోటు చాలక ఇరికించి రాయించినట్టు, రివర్స్ సెన్సార్ అని ఇంకొకటి. ఆ బోర్డుల కిందే బతికినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఆ ఆఖరి మాట కొత్తదే గానీ దాని వెనకున్న తగవు పాతది. బండి వెనక్కి వస్తుంటే చూసుకోవలసింది ఎవరు? నడిపేవాడా, వెనక నిలబడ్డవాడా?

మొదట్లో ఈ తగవు తీర్చే పని క్లీనర్‌ది. లారీ వెనక్కి వెళ్లాలంటే అతను దిగి తీరాలి. డ్రైవరుకి కుడి అద్దంలో కనపడేలా కాస్త ఎడంగా నిలబడి, "రానీ... రానీ... లెఫ్ట్ కొట్టు... సీదా... రానీ" అని ఆపకుండా అంటూనే ఉండాలి. ఇంజను మోతలో మాట వినపడకపోతే బాడీ రేకు మీద అరచేత్తో కొట్టేవాడు. రెండు దెబ్బలైతే పోనిమ్మని, గట్టిగా ఒక్కటే పడితే ఆగమని. "హోల్డాన్" అనే కేక ఆర్టీసీ బస్సులోనూ అదే, లారీ స్టాండులోనూ అదే. పనితనమున్న క్లీనర్ దూరం తగ్గేకొద్దీ మాటల మధ్య ఎడం తగ్గించేవాడు. రానీ, రానీ అని సాగదీసేది కాస్తా రా-రా-రా అయి, చివరికి హోల్డాన్. ఇవాళ్టి బజర్ చేసేదీ అచ్చంగా అదే. బీప్‌కీ బీప్‌కీ మధ్య ఖాళీ తగ్గుతూ తగ్గుతూ ఆఖర్న ఒకటే మోత. ఈ పద్ధతి కనిపెట్టిన విదేశీ ఇంజనీర్లు మా లారీ స్టాండు చూసి ఉండరు గానీ, చూసినా కొత్తగా నేర్చుకునేది ఏమీ ఉండేది కాదు.

కార్లలో అంబాసిడర్ నడిచిన రోజుల్లో ఇబ్బంది ఇంత లేదు. దాని వెనక అద్దం చిన్నదే, డిక్కీ అవతల ఏముందో సరిగ్గా తెలిసేది కాదు. కానీ అంబాసిడర్ ఉన్న ఇంట్లో డ్రైవరూ ఉండేవాడు, గేటు దగ్గర ఎవరో ఒకరు మసిలేవారు. డ్రైవరు ఎడమచెయ్యి బెంచీ సీటు మీద వేసి, నడుము మొత్తం తిప్పి, బయటి మనిషి చేతివంక చూస్తూ వెనక్కి తీసేవాడు. 1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చింది. అద్దం పెద్దదైంది, బండి చిన్నదైంది, వెనక చూపు బాగుపడింది. మారిందల్లా నడిపేవాడు. సొంతదారే స్టీరింగ్ పట్టాడు. దిగి చూసే క్లీనర్ లేడు, చెయ్యి ఊపే గుమాస్తా లేడు. పైగా చాలా 800లకు ఎడమవైపు అద్దమే వచ్చేది కాదు. కొత్త బండి కొన్నవాళ్లు పూజ చేయించి నేరుగా మా దగ్గరికి వచ్చి ఎడమ అద్దం, మడ్ ఫ్లాపులు, సీటు కవర్లు వేయించుకునేవారు. మా వీధిలో కారుకి బయట సామాను బిగించే వ్యాపారం ఆ ఎడమ అద్దంతో ఊపందుకుందంటే నమ్మండి.

ఆ తర్వాత వచ్చింది రివర్స్ హారన్. దీని మూలం జపాన్. బండి వెనక్కి వెళుతున్నప్పుడు బీప్‌మనే పరికరాన్ని అక్కడ యమగుచి ఎలక్ట్రిక్ అనే కంపెనీ 1963లోనే తయారుచేసింది. అది లారీల కోసం, పని జరిగే చోట్ల కోసం. మన దగ్గరికొచ్చేసరికి బీప్ చాలలేదు, పాట కావలసి వచ్చింది. దానికి దారిచ్చింది యూఎం66 అనే చిప్. చూడటానికి మూడు కాళ్ల ట్రాన్సిస్టర్, లోపల ఒక ట్యూన్ రాసి ఉంటుంది. హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లినా, చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్లినా చిల్లరగా దొరికేది. నంబరును బట్టి ట్యూన్ మారుతుంది. 01 అయితే జింగిల్ బెల్స్, 19 అయితే బీథోవెన్ ఫర్ ఎలీజ్. అది నడిచేది మూడు వోల్టుల మీద, కారులో ఉండేది పన్నెండు. మధ్యలో ఒక రెసిస్టరు, ఒక జీనర్ డయోడ్ వేసి, ట్రాన్సిస్టరుతో స్పీకరుకి ఊపు ఇచ్చి, మొత్తాన్ని రివర్స్ లైటు వైరుకి తగిలిస్తే అయిపోయింది. ఇలాంటి చిప్పులు పెట్టిన రెడీమేడ్ డబ్బాలు వచ్చాక మా సోల్డరింగ్ పని కూడా మిగల్లేదు. 1810లో జర్మన్ పెద్దాయన పియానో కోసం రాసుకున్న ముక్క బెజవాడ గవర్నరుపేట సందుల్లో, ఫియట్ కారు వెనక్కి తిరిగినప్పుడల్లా మోగేది. సగం మందికి అది బీథోవెన్‌దని తెలియదు. రివర్స్ పాట, అంతే.

నాకు ఆ పాటలంటే ఎప్పుడూ గిట్టలేదు. బిగించాను, డబ్బులు తీసుకున్నాను, అది వేరే సంగతి. గిట్టకపోవడానికి కారణం మోత ఒక్కటే అయితే ఇంత గట్టిగా చెప్పను. ఆ పాట ఎవరికి వినిపిస్తోందో చూడండి. డ్రైవరుకి అది ఏమీ చెప్పదు. వెనక గోడ ఉన్నా అదే పాట, మైదానం ఉన్నా అదే పాట. అది వెనకున్న వాళ్లతో, నేను వస్తున్నాను మీరే తప్పుకోండి అంటోంది. క్లీనర్ ఉన్నప్పుడు బరువు బండిది. పాట వచ్చాక బరువు దారినపోయేవాడిది. చట్టం మాత్రం ఇలా చెప్పలేదు. 1989 నాటి రోడ్డు నియమాల్లో, వెనక ఎవరికీ ప్రమాదం గానీ అనవసరమైన ఇబ్బంది గానీ లేదని డ్రైవరు నిర్ధారించుకున్నాకే, అదీ అవసరమైనంత దూరమే వెనక్కి వెళ్లాలని ఉండేది. అదే ఏడాది వచ్చిన కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో, వరసగా వేర్వేరు స్వరాలు పలికే హారన్ బిగించకూడదనీ ఉంది. కాగితం మీద రెండూ అలాగే ఉండగా, రాత్రి పదకొండింటికి అపార్టుమెంటు సెల్లారులో జింగిల్ బెల్స్ మోగుతూనే ఉండేది.

సెన్సారు దీన్ని తిరగేసింది. అది మాట్లాడేది డ్రైవరుతో.

దాని పుట్టుక ముచ్చటైనది. రాయిలాంటి స్ఫటికాన్ని నొక్కితే కరెంటు పుడుతుందని పారిస్‌లో క్యూరీ సోదరులు 1880లో కనిపెట్టారు. కరెంటు ఇస్తే అదే స్ఫటికం వణుకుతుంది కూడా. మొదటి ప్రపంచయుద్ధంలో లాంజెవాన్ అనే శాస్త్రవేత్త ఆ వణుకుతో నీళ్లలోకి శబ్దం పంపి, ప్రతిధ్వనిని బట్టి జలాంతర్గాములను వెతికే పని చేశాడు. 1970ల చివర్లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో, చూపులేనివారి నడక మీద పరిశోధించే విభాగంలో టోనీ హేస్ అనే ఆయన ఇదే సూత్రాన్ని కారు వెనక పెట్టవచ్చని ఆలోచించాడు. చూపులేనివారికి దారి చూపే పరిశోధన నుంచి కారుకి వెనక చూపు వచ్చిందన్నమాట. అమ్మకానికి వచ్చిన కార్లలో 1982 టయోటా కరోనాకి ఇలాంటి ఏర్పాటు ఉండేది. ఇవన్నీ నాకు ఎన్నో ఏళ్ల తర్వాత తెలిశాయి. 2000 దాటాక మా వీధికి వచ్చిన అట్టపెట్టె మీద చరిత్ర ఏమీ లేదు. నాలుగు సెన్సార్లు, ఒక నల్ల డబ్బా, ఒక బజర్, అర్థంకాని ఇంగ్లీషులో ఒక కాగితం, 22 మిల్లీమీటర్ల హోల్ సా ఒకటి.

ఆ హోల్ సా తినేది ప్లాస్టిక్‌ని. అందుకే ఈ పని అంబాసిడర్‌తో మొదలవలేదు. 1993 జెన్, 1998లో వచ్చిన శాంత్రో, ఇండికా, వీటికి ప్లాస్టిక్ బంపర్లు. చిల్లి పెడితే చప్పుడు లేకుండా పడుతుంది. బేరం దగ్గరే ఆలస్యం.

"మేస్త్రీ, బంపరుకి చిల్లులు పెడితే రేపు అమ్మేటప్పుడు రేటు తగ్గదా?"

"సొట్టలతో అమ్మితే పెరుగుతుందా సార్?"

పని మొదలుపెట్టేముందు బండిని చదునుగా ఉన్న చోట నిలపాలి. నేల నుంచి అరమీటరు పైన, అరవై సెంటీమీటర్లు దాటకుండా బంపరు మీద కాగితం టేపు అంటించి దాని మీదే కొలత గీయాలి. టేపు లేకుండా డ్రిల్లు పెడితే జారి పెయింటు గీసుకుపోతుంది. ముందు సన్న బిట్టుతో చిన్న చిల్లి, తర్వాత హోల్ సా. చిల్లి అంచున లేచిన ప్లాస్టిక్ పొరను బ్లేడుతో తీసేశాకే సెన్సారు నొక్కాలి. లేకపోతే వంకరగా కూర్చుని నేలను చూస్తుంది. సెన్సారు వెనక బాణం గుర్తు ఉంటుంది, అది పైకే ఉండాలి. తిరగేసి పెడితే ఖాళీ రోడ్డు మీద కూడా కూస్తుంది, యజమాని నన్ను తిడతాడు. వైర్లను సైలెన్సరు వైపు వేలాడనీయకుండా డిక్కీ అడుగున ఉన్న రబ్బరు గ్రోమెట్ గుండా లోపలికి లాగాలి. ఆ రబ్బరును మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టకపోతే వర్షాకాలానికి స్టెప్నీ గుంతలో నీళ్లు.

పాత బండిలో అసలు చిక్కు సెన్సారు దగ్గర రాదు. డబ్బాకి కరెంటు వచ్చేది రివర్స్ లైటు నుంచి. రివర్స్ గేరు పడితే గేరుబాక్సు మీదున్న స్విచ్చి కలిసి, లైటు వెలుగుతుంది, డబ్బా మేలుకుంటుంది. పదిహేనేళ్ల బండిలో ఆ స్విచ్చి నూనె తాగి ఉంటుంది, బల్బు హోల్డరు తుప్పు పట్టి ఉంటుంది, ఎర్త్ వైరు చివర ఆకుపచ్చగా పొడి రాలుతుంటుంది. పన్నెండు రావలసిన చోట మీటరు తొమ్మిది చూపిస్తుంది. డబ్బా ఒకసారి పలికి ఒకసారి మూగబోతుంది. కొత్త పెట్టె చెడ్డదని వాపసు తెచ్చినవాళ్లలో చాలామందికి నేను మార్చింది ఎర్త్ పాయింటే. పాత అంబాసిడర్లు కొన్నిటికైతే రివర్స్ లైటే ఉండేది కాదు. డ్యాష్‌బోర్డు కింద విడిగా స్విచ్చి పెట్టి, వెనక్కి వెళ్లేముందు నొక్కమని చెప్పేవాణ్ణి. పైగా వాటిది ఇనప బంపరు. చిల్లి పెడితే క్రోమియం లేస్తుంది, సెన్సారు వణుకు రేకుకి ఎక్కి ఉత్తుత్తి కూతలు. అలాంటి వాటికి నంబరు ప్లేటు ఫ్రేములో కూర్చునే సెన్సార్లు నయం.

అది ఏం చూస్తుంది, ఏం చూడదు అన్నది కొనేవాడికి ఎవరూ చెప్పరు. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళుతుంది. మీటరు దూరంలో గోడ ఉంటే వెళ్లి తిరిగి రావడానికి సెకనులో వెయ్యో వంతులు ఆరు కూడా పట్టవు. పంపేదీ వినేదీ ఒకే బిళ్ల. పంపిన వణుకు ఆగేదాకా దానికి ఏమీ వినపడదు, అందుకని మరీ దగ్గర, అంటే జానెడు మూరెడు లోపల, అది గుడ్డిదే. ఆ లోపలికి రాకముందే ఒకటే మోత మొదలుపెట్టేలా చేసింది అందుకే. సెల్లారు స్తంభం బాగా దొరుకుతుంది. సన్నటి ఇనపచువ్వ దొరకదు, కట్టేసిన తాడు దొరకదు, ఏటవాలుగా ఉన్న రాయి శబ్దాన్ని పక్కకి తోసేస్తుంది. మా బెజవాడ ఎండకి ఇంకో విశేషం ఉంది. గాలి వేడెక్కితే శబ్దం వేగం పెరుగుతుంది. ఇరవై డిగ్రీల లెక్కతో చేసిన డబ్బాకి నలభై అయిదు డిగ్రీల్లో ప్రతిధ్వని ముందే వస్తుంది. మీటరు దూరాన్ని దాదాపు తొంభై ఆరు సెంటీమీటర్లుగా చదువుతుంది. తప్పే గానీ మేలు చేసే తప్పు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఎత్తు. బంపరు కింద పడుకున్న కుక్క, చక్రం పక్కన కూర్చుని ఆడుకునే పసివాడు దాని చూపుకి అందకపోవచ్చు. అమెరికాలో తండ్రి వెనక్కి తీస్తున్న బండి కింద పడి చనిపోయిన ఒక పసివాడి పేరుతో 2008లో చట్టం వచ్చింది. 2018 మే నుంచి అక్కడ కొత్త కార్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరి. మన దేశం 2019 జులై 1 నుంచి కొత్త కార్లకు సెన్సార్లు తప్పనిసరి చేసింది. డ్రైవరు ఎయిర్‌బ్యాగు, సీటుబెల్టు గుర్తుచేసే మోత, వేగం మించితే హెచ్చరిక కూడా ఆ జాబితాలోవే. వాళ్లు కళ్లను ఎంచుకున్నారు, మనం చెవులను ఎంచుకున్నాం. చవక కాబట్టి మనది అర్థమవుతుంది. కానీ పిల్లలున్న ఇంటివాళ్లు అడిగితే మాత్రం రెండూ వేయించుకోమంటాను, అద్దంలో చూడటం మానొద్దంటాను.

ఆ 2019 నియమం పాత బండ్లను పట్టించుకోలేదు, వాటికి బిగించుకోవాలా వద్దా అన్నది యజమాని ఇష్టం. కొత్త బండ్లకు ఫ్యాక్టరీలోనే వచ్చేస్తుండటంతో మా పని సగానికి పైగా పోయింది. మిగిలింది పాత శాంత్రోలు, ఆల్టోలు, తండ్రి బండి కొడుక్కి వచ్చినవి, కొత్తగా నేర్చుకునే అమ్మాయి కోసం సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవి. కొత్త బండ్లవాళ్లు కూడా వస్తారు, వేరే కోరికతో. ఆ బజర్ గోల భరించలేకపోతున్నాం మేస్త్రీ, వైరు పీకెయ్యమంటారు. పీకను. మోత తగ్గించుకునే వీలుంటే అది ఎక్కడుందో చూపిస్తాను, లేకపోతే బజర్ మీద టేపు ముక్క అంటించి పంపుతాను. దానికి డబ్బులు తీసుకోను.