గడ్డివాము వెనక కోట

కిటికీ తెరిస్తే గడ్డి. పక్కగదిలో తెరిచినా గడ్డే. బయట ఎండో వానో తెలియదు. పైన కప్పిన నీలం టార్పాలిన్ టపటపా కొట్టుకుంటే గాలి లేచిందని తెలిసేది. లోపల మొగుడూ పెళ్లాం, ఓ పసివాడు. ఆ గడ్డి వెనక ఇల్లుందని ఎవరైనా పసిగడితే?

ఇంగ్లండ్‌లో సర్రే కౌంటీ. సాల్ఫర్డ్స్ అనే ఊరు. రోడ్డున పోయేవాళ్లకి కనిపించేది దాదాపు 40 అడుగుల ఎత్తున పేర్చిన గడ్డికట్టలే. వాటి చాటున, పాత ధాన్యపు గాదెలు రెండింటిని బురుజులుగా మలిచి, వాటి నెత్తిన కోటకొమ్ములు నిలబెట్టి, లోపల వంటిల్లూ పడగ్గదులూ అమర్చుకుని, 2000లో పని మొదలెట్టిన ఓ రైతు 2002కల్లా సంసారంతో సహా కాపురానికి దిగిపోయాడు. ప్లాను అనుమతి? అడగనే లేదు.

అది కట్టడాలు విస్తరించకుండా కాపాడే గ్రీన్‌బెల్ట్ భూమి. అడిగినా ఇవ్వడం కష్టం. కానీ అప్పటి చట్టంలో ఒక సందుండేది. ఇల్లు పూర్తయ్యాక 4 ఏళ్లలోపు కౌన్సిల్ చర్య తీసుకోకపోతే, ఆపైన కూల్చమనడానికి వీలుండేది కాదు. అంతదాకా ఎవరి కంటా పడకూడదు.

పిల్లాణ్ని ప్లేస్కూల్లో వేశారు. ఓరోజు అక్కడ ఎవరిల్లు వాళ్లు బొమ్మ గీయాలట. వీడు నీలం గడ్డివాము గీస్తే? ఆ రోజు బడి మాన్పించారు.

2006. కట్టలు ఒక్కొక్కటే దిగాయి. గదుల్లోకి ఎండ దూకింది. బురుజులు చూసి ఊరు నోరెళ్లబెట్టింది. మరుసటేడే కూల్చమని కౌన్సిల్ నోటీసు!

"4 ఏళ్లు నిండాయి" అన్నది రైతు వాదన. విచారించిన ప్లానింగ్ ఇన్‌స్పెక్టర్ 2008లో అడ్డంగా తల ఊపారు. గడ్డి పేర్చడం, తీసేయడం కూడా నిర్మాణంలో భాగమేనన్నారు. అంటే కట్టలు తీసేదాకా ఇల్లు పూర్తి కానట్టే. గడువు మొదలైందే అప్పుడు. 2010లో హైకోర్టూ అదే ఖాయం చేసింది. అయినా రైతు ఇల్లు కదల్లేదు. 2015 నవంబరులో జడ్జి తేల్చి చెప్పేశారు: వచ్చే జూన్ 6లోపు కూల్చకపోతే 3 నెలలు జైలు.

2016లో కోటను నేలమట్టం చేశారు.

2024 ఏప్రిల్ 25 నుంచి ఇంగ్లండ్‌లో ఆ 4 ఏళ్ల గడువు 10 ఏళ్లయింది.