చెరుకు బళ్ల వేళ

2023, సంక్రాంతి వెళ్లిన వారం. రాత్రి తొమ్మిదిన్నర. ముందుగదిలో గోడకున్న నెట్టు డబ్బా మీద పచ్చ దీపం ఆరిపోయి ఎర్రది మిణుకుమంది. లోపల్నుంచి కోడలి గొంతు:

"మావయ్యగారూ, మళ్లీ పోయింది!"

అమెరికా వాళ్లతో మీటింగు మధ్యలో ఉంది పాపం. ఇలా పోవడం అప్పటికి పదకొండో రోజు. కంపెనీ పేరు రాయను. ఎవరికి ఫోన్ చేసినా అవతలివాళ్లు చదివే కాగితం ఒకటేనని నా అనుమానం.

"సార్, రౌటర్ ఆపేసి ముప్పై సెకన్లాగి ఆన్ చెయ్యండి."

"చేశానమ్మా. ఎర్ర దీపమే. తీగలోంచి వెలుతురు మా ఇంటిదాకా రావట్లేదని కదా దానర్థం?"

"వైఫై పాస్‌వర్డ్ మార్చి చూద్దామా సార్?"

ముప్పై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ణి, ఓపిక పట్టాను.

"మీ ఊరు సార్?"

"వడ్డాది."

"వడోదరా?"

"వడ్డాదమ్మా, చోడవరం దగ్గర. అనకాపల్లి జిల్లా."

"సిస్టంలో విశాఖపట్నం అనే ఉంది సార్."

2022 ఏప్రిల్ 4న మా జిల్లా మారిపోయింది. ఆ కబురు వాళ్ల కంప్యూటరుకి ఇంకా చేరినట్టు లేదు.

మర్నాడు మధ్యాహ్నం ఫోనుకి మెసేజ్: మీ ఫిర్యాదు పరిష్కరించాం. నిజానికి పగలు నెట్టు బాగానే ఉంటుంది, వాళ్లు చూసినప్పుడు పచ్చ దీపమే. రాత్రికి మళ్లీ ఎర్రది, మళ్లీ కొత్త నంబరు. ఇందులో ఉన్న తిరకాసు నాకు ఆలస్యంగా తట్టింది. బ్రాడ్‌బ్యాండు చెడి మూడు పనిదినాలు దాటినా బాగు కాకపోతే అద్దెలో ఏడు రోజులది తగ్గించాలని, ఏడు దాటితే పదిహేను రోజులదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లోనే నిబంధన పెట్టింది. మా ఫిర్యాదేమో ఏ రాత్రిది ఆ మర్నాడే మూసేస్తున్నారు. మూడో రోజు వస్తేగా!

కోడలు ఈ వ్యవహారాన్ని మరోలా పట్టుకుంది. 2020లో బ్రిటన్‌లోని వేల్స్‌లో ఒక పల్లె కథ బయటికొచ్చింది, అది తనకి గుర్తుంది. అబర్‌హోసన్ అనే ఆ ఊళ్లో పద్దెనిమిది నెలలపాటు రోజూ పొద్దున్న ఏడింటికి నెట్టు పడిపోయేదట. కేబుళ్లు మార్చినా లాభం లేకపోయింది. చివరికి ఇంజినీర్లు తెల్లవారుజామునే పరికరం పట్టుకుని వీధులు తిరిగితే, ఒక ఇంట్లో ఏడింటికి పెట్టే పాత టీవీ దొరికింది. అది విడుదల చేసే విద్యుత్ రొద ఊరందరి నెట్టునీ మింగేస్తోంది.

"టైము రాద్దాం మావయ్యగారూ" అని, ఆ రోజు నుంచి వెంకట్రామా కేలండర్లో తిథి నక్షత్రాల పక్కన పెన్సిల్తో 9.10, 9.35, 10.20 అని వేసుకుంటూ వచ్చింది. ఆదివారం ఒక్కటీ లేదు. సోమవారం మూడున్నాయి.

ఆ కేలండరు తీసుకెళ్లి మా వీధి కేబుల్ కుర్రాడికి చూపించాను. వాడు చాలాసేపు చూశాడు.

"ఏటి మాష్టారూ, ఇయి చెరుకు బళ్లెళ్లే టైములండి! రాత్రికొస్తాను. పగలొచ్చినోడికి ఏటి దొరుకుతాది?"

గోవాడ చక్కెర కర్మాగారంలో క్రషింగు మొదలైతే మాడుగుల వైపు చెరుకు మా ఊరి మీదుగానే పోయేది. మన రాష్ట్రంలో ఫైబరు తీగలు చాలావరకు కరెంటు స్తంభాల మీదే వేలాడతాయి. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి కోవింద్ ప్రారంభించిన ప్రభుత్వ ఫైబర్‌నెట్, నెలకి 149 రూపాయలన్నది, అలాగే ఊరూరా పాకింది. మా కనెక్షను దానిది కాదు. తీగ వేలాడటంలో మాత్రం తేడా లేదు.

రాత్రి తొమ్మిదికి కుర్రాడు నిచ్చెన స్తంభానికి ఆనించి, చేతిలో తీగలో వెలుతురు కొలిచే మీటరు పట్టుకు నిలబడ్డాడు. మైనస్ ఇరవై ఒకటి. "బాగుందండి. ఇరవయ్యెనిమిది దాటితే మీ డబ్బాకి చూపానదు." అంతలో ట్రాక్టరొచ్చింది. లోడు పైనున్న గెడలు రోడ్డుకి అడ్డంగా జారిన తీగని నెట్టుకుంటూ, బర్రున గీరుకుంటూ పోయాయి. మీటరులో అంకె మైనస్ ముప్పై మూడుకి దిగింది. మా అరుగు మీంచి కోడలి కేక: "ఎర్ర దీపం!"

ట్రాక్టరు దాటాక వాడు తీగ ఇవతలి కొసనుంచి ఎర్ర కాంతి పెన్ను వెలిగించాడు. స్తంభం దగ్గర, తొక్క చిట్లినచోట, చీకట్లో కుంకుమ బొట్టంత వెలుగు. లోపలి గాజుపోగు తల వెంట్రుకంత. లోడు లాగినప్పుడల్లా అది వంగుతోంది, వంగినచోట వెలుతురు బయటికి కారిపోతోంది. తెగిపోయినా బాగుండేది, రెండో రోజే దొరికేది.

చిట్లిన ముక్క కోసి, మిషన్లో కొసలు కలిపి అతికి, తీగని రెండు బారలు పైకి కట్టేసరికి పదకొండైంది. డబ్బులొద్దన్నాడు. మాడుగుల హల్వా పొట్లం మాత్రం జేబులో వేసుకున్నాడు.

నాలుగో రోజు కంపెనీ నుంచి ఫోన్. "మా సాంకేతిక బృందం మీ రౌటర్ సమస్యను విజయవంతంగా పరిష్కరించింది. మా సేవకు పదికి ఎన్ని మార్కులిస్తారు?"

"పదీ ఇస్తానమ్మా. అవి నిచ్చెనెక్కినవాడికి పడతాయా?"

రికార్డు చేసిన గొంతు. నంబరు నొక్కమంది.